బోర్డు ముందు మైకు పట్టుకునే లోపు: కలిసి చదివే బడుల కోసం పనిచేసే విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో హైస్కూల్ చదువుతున్న పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక బడిలో దాదాపు అంతా తెల్లవాళ్లూ ఆసియా పిల్లలే. నాలుగు మైళ్ల అవతల బడిలో అంతా నల్లజాతి, లాటినో పిల్లలే. అక్కడ కాలిక్యులస్ క్లాసు కూడా లేదు. దీని మీద ఏదైనా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేను ఒక విద్యార్థి బృందానికి పెద్దల వైపు నుంచి సాయం చేస్తుంటాను. మొదటి ఏడాది మా పిల్లలు తొమ్మిది డిమాండ్లు రాసుకుని స్కూల్ బోర్డు (డిస్ట్రిక్ట్‌లోని ప్రభుత్వ బడుల మీద నిర్ణయాలు తీసుకునే సభ) మీటింగ్‌కి వెళ్లారు. సభ్యులు మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. ఏమీ మారలేదు. రెండో ఏడాది ఒక్కటే అడిగారు, అది కూడా ఆ నిర్ణయం చేతిలో ఉన్నవాళ్లనే అడిగారు. పని జరిగింది. కింద రాసిన అంచెలన్నీ ఆ రెండేళ్ల మధ్య నేర్చుకున్నవే.

ఈ పనికి సుమారు ఒక విద్యా సంవత్సరం పడుతుంది. చాలా డిస్ట్రిక్ట్‌లలో ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. అంటే డబ్బుతో ముడిపడ్డ నిర్ణయాలు అంతకు ముందు నెలల్లోనే తేలిపోతాయి. మే నెలలో వెళ్లి అడిగితే ఆలస్యమైపోయినట్టే. ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే మొదలుపెట్టండి.

1. బృందం: ఎవరు ఉన్నారో, ఎవరు లేరో చూసుకోండి

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. నలభై మంది ఉన్న గ్రూప్ చాట్ బృందం కాదు.

మొదట్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. వసతులున్న బడిలోని పిల్లలు బృందం పెట్టి, వసతుల్లేని బడి గురించి మాట్లాడతారు. మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఆ మొదటి బడిలోనే ఉంటారు కాబట్టి ఇది మనం మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. లేమిని రోజూ అనుభవిస్తున్న పిల్లలు బృందంలో సగమైనా ఉండాలి. ఏం అడగాలో తేల్చేటప్పుడు వాళ్ల మాటే ముందు నిలవాలి. వాళ్లని తర్వాత పిలుద్దాం అనుకుంటే, వచ్చేసరికి అన్నీ తేలిపోయి ఉంటాయి. వాళ్లు అతిథుల్లా కూర్చుని వెళ్లిపోతారు.

వాళ్లు రావాలంటే కొన్ని ఏర్పాట్లు కావాలి.

- మీటింగ్ వాళ్ల బడికి దగ్గర్లోని లైబ్రరీలో పెట్టండి. సిటీ బస్సు ఎన్ని గంటలకు ఆగిపోతుందో ముందే చూసుకోండి.
- సాయంత్రం పని చేసే పిల్లలుంటారు, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసుకునేవాళ్లుంటారు. సమయం వాళ్లనే అడిగి పెట్టండి.
- ఇంట్లో స్పానిష్ మాట్లాడే తల్లిదండ్రుల కోసం కాగితాలన్నీ రెండు భాషల్లో రాయండి.

బడిలో క్లబ్‌గా నమోదు చేసుకోవాలంటే 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం మీకు ఆధారం. ఫెడరల్ డబ్బు తీసుకునే ప్రభుత్వ హైస్కూల్, పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్‌కి చోటిచ్చినా, రాజకీయ విషయం మాట్లాడుతుందన్న కారణంతో మీ క్లబ్‌ని కాదనకూడదు. అయితే క్లబ్‌ని నడిపేది విద్యార్థులే అయి ఉండాలి. బయటి పెద్దలు దాన్ని నడిపించకూడదు, అదే పనిగా మీటింగ్‌లకు రాకూడదు. తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. కారులో దింపండి, పిజ్జా తెప్పించండి, అక్కడితో ఆగండి.

2. సమస్య ఏ అంచెలో ఉందో తేల్చుకోండి

"మా బడులు విడిపోయి ఉన్నాయి" అన్న మాటకి మూడు అర్థాలుంటాయి. ఒక్కోదానికి దారి వేరు.

మొదటిది, రెండు డిస్ట్రిక్ట్‌ల మధ్య తేడా. ఇది అన్నిటికంటే కష్టం. 1974లో మిలికెన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, డిస్ట్రిక్ట్ గీత దాటించి పిల్లలని కలపమని కోర్టు ఆదేశించడం చాలా అరుదైపోయింది. మొదటి ప్రయత్నానికి దీన్ని ఎంచుకోకండి.

రెండోది, ఒకే డిస్ట్రిక్ట్‌లోని బడుల మధ్య తేడా. జోన్ గీతలు (ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే హద్దులు), అడ్మిషన్ పద్ధతులు, బస్సులు ఇందులోకి వస్తాయి.

మూడోది, ఒకే బడి లోపల తేడా. గేటు దగ్గర అందరూ కలిసే వస్తారు. గిఫ్టెడ్, ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి పాఠాలు) లాంటి పై స్థాయి క్లాసుల తలుపు దగ్గర విడిపోతారు. బృందం కొత్తదైతే ఇక్కడ మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. రుజువు కళ్ల ముందే ఉంటుంది, నిర్ణయం తీసుకునే మనిషి కూడా అదే బిల్డింగ్‌లో ఉంటారు.

న్యూయార్క్‌లో ఇంటిగ్రేట్ ఎన్‌వైసీ అనే విద్యార్థుల సంస్థ ఈ విషయాన్ని ఐదు భాగాలుగా విడదీసింది. ఎవరికి ఏ బడిలో సీటు దొరుకుతోంది, వసతులు ఎలా పంచుతున్నారు, పాఠాల్లోనూ బంధాల్లోనూ అందరికీ చోటుందా, శిక్షలు ఎవరి మీద ఎలా పడుతున్నాయి, టీచర్లలో ఎవరెవరు ఉన్నారు. 2019లో ఆ నగరం వేసిన సలహా బృందం కూడా తన నివేదికకి ఇదే చట్రాన్ని వాడుకుంది. మీరు కూడా ఈ ఐదు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి, మీ దగ్గర ఏది ఎక్కువ నొప్పిగా ఉందో అందరినీ అడగండి. పిల్లలని కలిపి కూర్చోబెట్టి, కౌన్సెలర్‌ని మాత్రం ఒక బడికే ఇస్తే అది కలపడం కాదని ఈ ప్రశ్నలే గుర్తుచేస్తాయి.

3. లెక్కలు: తొందరపడకూడని అంచె

దీనికి ఆరు వారాలు పెట్టుకోండి. ఇక్కడ ఒక్క తప్పు దొర్లితే, తర్వాత మీరు ఎన్ని నిజాలు చెప్పినా ఆ తప్పునే పట్టుకుంటారు.

*ఎక్కడ దొరుకుతాయి*

- ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగం సేకరించే సివిల్ రైట్స్ డేటా కలెక్షన్. బడి పేరు కొడితే జాతుల వారీగా పిల్లల సంఖ్య, ఏపీ క్లాసుల్లో ఎవరున్నారు, ఎవరిని సస్పెండ్ చేశారు, కౌన్సెలర్లు ఎంతమంది అన్నవన్నీ వస్తాయి. లోపం ఒకటే, అంకెలు ఏళ్ల కిందటివై ఉంటాయి.
- మీ రాష్ట్రం పెట్టే స్కూల్ రిపోర్ట్ కార్డ్. 2015 నాటి ఎస్సా అనే ఫెడరల్ విద్యా చట్టం ప్రకారం ఒక్కో బడిలో ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చవుతోందో ఇందులో చూపించాలి.
- పై రెండింట్లో లేనివాటికి మీ రాష్ట్రంలోని పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద అర్జీ. న్యూయార్క్‌లో అయితే ఐదు పనిదినాల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి. మిగతా రాష్ట్రాల్లో గడువు వేరుగా ఉంటుంది.

అర్జీలో "ఏపీ క్లాసుల సమాచారం మొత్తం ఇవ్వండి" అని రాయకండి. ఏ బడి, ఏ సంవత్సరం, ఏ గ్రేడ్, ఏ పట్టిక, ఏ ఫైల్ రూపంలో కావాలో రాయండి. పేర్లు అక్కర్లేదని మీరే చెప్పండి. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టాన్ని చూపించి తిప్పి పంపే అవకాశం అప్పుడు తగ్గుతుంది.

*ఏం లెక్కవేయాలి*

మూడు లెక్కలు చాలు. ఊహించిన అంకెలతో చూద్దాం.

డిస్ట్రిక్ట్ మొత్తంలో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు 45 శాతం అనుకోండి. ఒక బడిలో వాళ్లు 15 శాతం, ఇంకో బడిలో 80 శాతం. డిస్ట్రిక్ట్ అంకెకీ బడి అంకెకీ మధ్య ఎంత దూరం ఉందో ప్రతి బడికీ రాయండి. ఇది మొదటి లెక్క.

రెండోది బడి లోపలిది. బడిలో లాటినో పిల్లలు 40 శాతం, ఏపీ క్లాసుల్లో 14 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

మూడోది మనుషుల లెక్క. ఒక కౌన్సెలర్‌కి 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ చెబుతుంది. మీ రెండు బడుల్లో ఎంతమంది ఉన్నారో లెక్కవేయండి.

*తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు*

ఉచిత భోజనం అంకెనే పేదరికం అంకెగా వాడేయడం. కొన్ని బడుల్లో ప్రత్యేక పథకం కింద ఆదాయంతో పని లేకుండా పిల్లలందరికీ ఉచితంగా పెడతారు. అక్కడ ఆ అంకె వంద శాతంగా కనిపించవచ్చు. డిస్ట్రిక్ట్ ఆ అంకెను ఎలా లెక్కిస్తోందో అడిగి తెలుసుకోండి.

రేటింగ్ సైట్లు ఇచ్చే మార్కులతో బడులని పోల్చడం. టెస్ట్ స్కోర్లు చాలావరకు ఆ ఇళ్ల ఆదాయాన్నే చెబుతాయి. వాటిని చూపించి "ఆ బడి చెడ్డది" అంటే, ఏ పిల్లల కోసం పని మొదలుపెట్టారో వాళ్లనే కించపరిచినట్టవుతుంది. లేని క్లాసులూ, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టులూ, పాడైన ల్యాబ్‌లూ చూపించండి.

చిన్న సంఖ్యలకి శాతాలు కట్టడం. ఆరుగురిలో ఇద్దరు తగ్గితే "33 శాతం పడిపోయింది" అని చెప్పకూడదు. పైగా అంత చిన్న గుంపులో ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

చివరిగా, లెక్క వేసిన వాళ్లు కాకుండా ఇంకొకరు మొదటి నుంచి మళ్లీ వేయాలి. ఇద్దరికీ ఒకే అంకె వచ్చాకే పోస్టర్ మీద రాయండి.

4. ఎవరి చేతిలో ఉంది?

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే అంచె ఇది. ప్రిన్సిపాల్ చేతిలో లేని పనికి ప్రిన్సిపాల్ మీద కోపం తెచ్చుకుని ఏడాది పోగొట్టుకున్న బృందాలని చూశాను. ఏది ఎవరు తేలుస్తారో మామూలుగా ఇలా ఉంటుంది.

- ఒక క్లాసుకి సెక్షన్ పెంచడం, ఆనర్స్‌లో చేరడానికి టీచర్ సిఫార్సు తప్పనిసరి అన్న నియమం తీసేయడం: చాలాచోట్ల ప్రిన్సిపాల్, డిపార్ట్‌మెంట్ హెడ్.
- టీచర్లనీ కౌన్సెలర్లనీ బడుల మధ్య పంచడం, బస్సు రూట్లు: సూపరింటెండెంట్ (డిస్ట్రిక్ట్ ముఖ్య అధికారి) ఆఫీసు.
- జోన్ గీతలు, అడ్మిషన్ విధానం, బడ్జెట్: స్కూల్ బోర్డు. కొన్ని నగరాల్లో మేయర్.
- రాష్ట్రం డబ్బు పంచే సూత్రం: రాష్ట్ర శాసనసభ.

బోర్డులో ఎంతమంది ఉన్నారు, నెగ్గడానికి ఎన్ని ఓట్లు కావాలి, ఎవరు ఇప్పటికే మీ వైపున్నారు, ఎవరు ఊగిసలాడుతున్నారు అన్నది పేర్లతో రాసుకోండి. ఏడుగురున్న బోర్డులో నలుగురు కావాలి. ముగ్గురు ఎలాగూ సరేననేవాళ్లయితే, మీ ఏడాది పని ఆ నాలుగో మనిషితోనే. పాత మీటింగ్‌ల మినిట్స్ చదవండి. ఎవరు దేని గురించి బాధపడతారో అందులో తెలిసిపోతుంది.

బోర్డులో విద్యార్థి సభ్యుడు ఉన్నారేమో చూడండి. మేరీల్యాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీలో విద్యార్థులు ఎన్నుకున్న సభ్యుడికి ఓటు హక్కు కూడా ఉంది. చాలాచోట్ల ఓటు ఉండదు, కానీ మాట్లాడే కుర్చీ ఉంటుంది. అదీ చిన్న విషయం కాదు.

5. అడిగేది ఒక్క వాక్యంలో రాయండి

అందులో నాలుగు ఉండాలి: ఎవరు, ఏం చేయాలి, ఎక్కడ, ఎప్పటిలోగా.

"మా బడులు అందరికీ సమానంగా ఉండాలి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. "వచ్చే ఆగస్టు నుంచి తొమ్మిదో గ్రేడ్ ఆనర్స్ ఇంగ్లీష్‌లో చేరడానికి టీచర్ సిఫార్సు నియమాన్ని మా హైస్కూల్లో ప్రిన్సిపాల్ ఎత్తివేయాలి" అంటే, అవునో కాదో చెప్పక తప్పదు.

ఇక్కడ చట్టం కొంచెం తెలిసి ఉండాలి. 2007లో సియాటిల్, లూయీవిల్ డిస్ట్రిక్ట్‌ల కేసులో సుప్రీంకోర్టు, ఒక్కో విద్యార్థి జాతిని చూసి సీటు ఇచ్చే ఆ పద్ధతులని కొట్టేసింది. కాబట్టి "ఇంతమంది నల్లజాతి పిల్లలకి సీట్లు" అని అడిగితే మొదటి రోజే లాయర్ అడ్డుపడతాడు. జస్టిస్ కెన్నెడీ అదే కేసులో విడిగా రాసిన అభిప్రాయంలో వేరే దారులు చూపించారు: కొత్త బడి ఎక్కడ కట్టాలో, జోన్ గీతలు ఎలా గీయాలో, ప్రత్యేక కోర్సులకి డబ్బు ఎక్కడ పెట్టాలో ఆలోచించడం లాంటివి. ఇంటి ఆదాయాన్ని బట్టి ప్రాధాన్యం ఇవ్వడం ఇంకో దారి. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని డిస్ట్రిక్ట్ 15లో మిడిల్ స్కూళ్లకి మార్కులూ హాజరూ చూసి వడపోసే పద్ధతిని 2018లో ఆమోదించిన ప్రణాళికతో తీసేశారు. లాటరీ పెట్టి, 52 శాతం సీట్లలో తక్కువ ఆదాయం ఉన్న పిల్లలకీ, ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవాళ్లకీ, ఇల్లు లేనివాళ్లకీ ప్రాధాన్యం ఇచ్చారు. ఆ ప్రణాళిక కాగితాలు చదివితే అడగడం ఎలాగో బాగా అర్థమవుతుంది.

బస్సు సంగతి మరవకండి. సీటు ఇచ్చి రవాణా ఇవ్వకపోతే, కారున్న ఇళ్లకే ఆ సీటు దక్కుతుంది.

6. ఇంట్లో మాట్లాడటం

ఇది మనవాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎంతోమంది తెలుగు తల్లిదండ్రులు బడిని చూసే ఇల్లు కొన్నారు. దాని కోసం పెద్ద లోన్ తీసుకున్నారు. కూతురు వచ్చి "జోన్ గీతలు మార్చాలి" అంటే వాళ్లకి టెన్షన్ రావడం సహజం. అందులో దురుద్దేశం వెతకకండి.

"మీరు తప్పు చేశారు" అని మొదలుపెట్టకండి. మీ రెండో లెక్క చూపించండి. "నాన్నా, మా ఏపీ బయాలజీ క్లాసులో ముప్ఫై మందిమి ఉన్నాం. స్కూల్లో సగం మంది లాటినోలు, మా క్లాసులో ఇద్దరు. వాళ్లకి తెలివి లేక కాదు కదా" అని అడగండి. చిన్నప్పుడు సర్కారు బడిలో టీచర్ లేక ఇబ్బంది పడ్డ అమ్మానాన్నలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఇది మీరనుకున్న దానికంటే బాగా అర్థమవుతుంది.

"మరి మనవాళ్ల సీటు పోతుందా?" అని అడుగుతారు. నిజం చెప్పండి. క్లాసు సెక్షన్లు పెంచితే, కౌన్సెలర్లని వేస్తే ఎవరి సీటూ పోదు. సీట్లు పరిమితంగా ఉన్న బడిలో అడ్మిషన్ పద్ధతి మారితే మాత్రం కొందరికి మారుతుంది. ఆ మాట దాచి ఒప్పిస్తే, తర్వాత వాళ్లే మీటింగ్‌కి వచ్చి మీకు ఎదురు మాట్లాడతారు. దాచకుండా చెబితే కొందరు ఒప్పుకోరు, కానీ మిమ్మల్ని నమ్ముతారు.

7. బోర్డు మీటింగ్

మైకు దగ్గరికి వెళ్లే లోపే ఊగిసలాడే సభ్యులని విడిగా కలవండి. ఇరవై నిమిషాలు అడగండి, ముగ్గురే వెళ్లండి, ఒక పేజీ కాగితం ఇచ్చి రండి. అసలు పని అక్కడే జరుగుతుంది.

మీటింగ్ రోజుకి:

- మాట్లాడటానికి పేరు ఎప్పటిలోగా ఇవ్వాలో వారం ముందే కనుక్కోండి.
- రెండు, మూడు నిమిషాలే ఇస్తారు. రెండు నిమిషాలంటే ఇంగ్లీష్‌లో సుమారు 250 పదాలు. గడియారం పెట్టి సాధన చేయండి.
- ఐదుగురు మాట్లాడితే ఐదు వేరు పనులు చేయాలి: ఒకరు అంకె, ఒకరు సొంత అనుభవం, ఒకరు ఖర్చు, ఒకరు వేరే చోట ఎలా చేశారో, చివరి మనిషి అడిగే వాక్యం.
- సొంత అనుభవం చెప్పేవాళ్లు తమకు ఇష్టమైనంతే చెప్పాలి. ఏడిపించమని ఎవరూ వాళ్లని ఒత్తిడి చేయకూడదు.
- అదే వాక్యం ముద్రించిన కాగితం ప్రతి సభ్యుడికీ ఇవ్వండి.

చాలా బోర్డులు ఆ సమయంలో మాట్లాడేవాళ్లకి జవాబు ఇవ్వవు. ఎజెండాలో లేని విషయం మీద చర్చించకూడదన్న నియమం కొన్నిచోట్ల ఉంది. ఇది ముందే చెప్పకపోతే పిల్లలు ఆ మౌనం చూసి ఇంటికొచ్చి కుంగిపోతారు. మా వాళ్లలో ఒక అమ్మాయి రెండు వారాలు మీటింగ్‌లకే రాలేదు. మౌనం అంటే కాదనడం కాదని వాళ్లకి ముందే చెప్పండి. మర్నాడు ఉదయం ప్రతి సభ్యుడికీ ఒక ఈమెయిల్ పంపండి: "ఈ విషయం ఏ మీటింగ్ ఎజెండాలో పెడతారు?"

8. వాకౌట్ చేయాలా?

అందరూ ముందుగా అడిగేది ఇదే. నేను చివర్లో పెట్టింది కావాలనే. అడిగి, ఆధారాలిచ్చి, జవాబు రాక ఆగిన తర్వాతే వాకౌట్‌కి బలం వస్తుంది.

1951 ఏప్రిల్ 23న వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో 16 ఏళ్ల బార్బరా జాన్స్ నాయకత్వంలో 450 మందికి పైగా నల్లజాతి విద్యార్థులు తమ బడి దుస్థితికి నిరసనగా బయటికి నడిచారు. అది ఒక్క పూటలో పుట్టింది కాదు, నెలల తరబడి చేసుకున్న ఏర్పాటు. లాయర్లకి ఉత్తరం కూడా వెంటనే రాశారు. అందుకే ఆ పని ప్రభుత్వ బడుల్లో పిల్లలని జాతిని బట్టి వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఒకటిగా కోర్టు దాకా వెళ్లింది. మీరు కూడా వాకౌట్ మర్నాడు ఏం చేస్తారో రాసుకున్నాకే తేదీ పెట్టుకోండి.

హక్కుల సంగతి:

- 1969 నాటి టింకర్ తీర్పు ప్రకారం, చదువుకి గట్టి అంతరాయం కలగనంతవరకు బడిలో బ్యాడ్జీ పెట్టుకోవచ్చు, కరపత్రం ఇవ్వచ్చు, అభిప్రాయం చెప్పవచ్చు.
- క్లాసు ఎగ్గొడితే మామూలుగా వేసే శిక్ష వేయవచ్చు. మీ అభిప్రాయం నచ్చలేదని అంతకంటే ఎక్కువ వేయకూడదు. మీ బడి హాజరు నియమాలని ముందే ప్రింట్ తీసి పెట్టుకోండి.
- 1988 నాటి హేజల్‌వుడ్ తీర్పు వల్ల, బడి నడిపే పత్రికలో మీ వ్యాసాన్ని చదువుకి సంబంధించిన సరైన కారణం ఉంటే ప్రిన్సిపాల్ ఆపగలరు. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తాయి. మీ సొంత వేదిక ఒకటి విడిగా ఉంచుకోండి.

హెచ్‌-4 లాంటి వీసాల మీద ఉన్న పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా, అరెస్టులయ్యే అవకాశం ఉన్న చోటికి వెళ్లకండి. లెక్కలు, ఉత్తరాలు, సభ్యులని కలవడం, బోర్డులో మాట్లాడటం వీళ్లు చేయవచ్చు. ఈ పని విలువ వాకౌట్ విలువ కంటే తక్కువేమీ కాదు.

జాతిని బట్టి వివక్ష జరుగుతోందని గట్టి ఆధారం ఉంటే, ఫెడరల్ పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా అది జరిగిన 180 రోజుల్లోగా చేయాలి. అందుకే తేదీలు మొదటి నుంచీ రాసి పెట్టుకోండి.

9. "సరే" అన్న తర్వాత

బోర్డు సరేనంటే సంబరం చేసుకోండి. తర్వాత మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఎప్పటి నుంచి, ఎవరి బాధ్యత, ఫలితాన్ని ఏ అంకెతో చూస్తారు. "కమిటీ వేస్తాం" అంటే, అందులో విద్యార్థులకి ఎన్ని సీట్లు, నివేదిక ఏ తేదీన అని అక్కడే అడగండి.

కాదంటే కారణం రాసివ్వమనండి. డబ్బు లేదంటే బడ్జెట్ పట్టిక తెప్పించండి. కష్టమంటే ఒక బడిలో ఒక ఏడాది చేసి చూడమనండి. మళ్లీ నాలుగో అంచెకి వెళ్లి ఓట్లు లెక్కపెట్టుకోండి.

ఈ బృందాలు ఎక్కువగా ఆగిపోయేది ఓడిపోయి కాదు, సీనియర్లు కాలేజీకి వెళ్లిపోయి. కాబట్టి ఏప్రిల్‌లో పదో గ్రేడ్ పిల్లలని ఇద్దరిని ఎంచుకోండి. డేటా ఫైళ్లు, అర్జీల కాపీలు, సభ్యుల జాబితా, ఎవరితో ఏ తేదీన ఏం మాట్లాడారో ఉన్న నోట్సు, పాస్‌వర్డ్‌లు ఒక్క ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఇద్దరిలో ఒకరైనా అవతలి బడివాళ్లు అయ్యేలా చూడండి. సెలవులు ఇచ్చేలోపే వాళ్లని వెంట తీసుకెళ్లి, బోర్డు సభ్యులకి పరిచయం చేసి రండి.